రామప్ప చెరువు పరీవాహకం ఉదాహరణగా రాస్టర్ సెల్ సైజ్, రీసాంప్లింగ్: సమగ్ర మార్గదర్శి

నేలను సమానమైన గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్కో అంకె రాసి పెట్టుకున్న ఫైలే రాస్టర్. ఆ అంకె ఎత్తు కావచ్చు, వాన కావచ్చు, ఇక్కడ పొలం ఉంది, అక్కడ నీళ్లున్నాయి అని చెప్పే కోడ్ కావచ్చు. గడి పక్క కొలతే సెల్ సైజ్. ఒక రకం గళ్లలో ఉన్న అంకెల్ని ఇంకో రకం గళ్లలోకి మార్చి రాయడం రీసాంప్లింగ్. కొత్త గళ్లు పెద్దవి కావచ్చు, చిన్నవి కావచ్చు, అదే సైజులో ఉండి కాస్త పక్కకు జరిగినవీ కావచ్చు.

చిక్కేమిటంటే, సాఫ్ట్‌వేర్ ఈ పనిని మనం అడక్కుండానే చేసేస్తుంది. వేర్వేరు గళ్లున్న రెండు రాస్టర్లను, గడికి గడి లెక్కకట్టే రాస్టర్ కాలిక్యులేటర్‌లో వేస్తే ఎర్రర్ రాదు. ఫలితం వస్తుంది, మ్యాప్ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ మ్యాప్ పట్టుకునే ఒకరు చెరువు శిఖం హద్దు గురించి మాట్లాడతారు, ఇంకొకరు వరద వచ్చే కాలనీల జాబితా రాస్తారు. మ్యాప్ వెనక అంకెలు ఎలా మారాయో గీసినవాళ్లకే తెలియకపోతే ఎట్లా? అందుకే ఈ రెండు విషయాలను మొదటి నుంచి చివరిదాకా ఒక్క పని మీద చూద్దాం.

ఆ పని ఇది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేట దగ్గర కాకతీయుల కాలం నాటి రామప్ప చెరువు ఉంది. 1213లో కట్టిన రామప్ప గుడి పక్కనే ఉంటుంది. ఈ చెరువులోకి ఏ నేల మీది నీళ్లు వచ్చి చేరతాయో (అదే పరీవాహకం), ఆ నేలలో అడవి ఎంత, సాగు ఎంత, వాలు ఎంత, వాన ఎంత అన్నది ఒకే మ్యాప్‌లోకి తేవాలి. వాడేది మ్యాప్‌లు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. డేటా కూడా ఉచితమే.

మొదటి మెట్టు: మీకు కనబడాల్సిన అతి చిన్న వస్తువు ఏది?

డేటా దించుకునే ముందే కాగితం మీద రాసుకోవాల్సిన ప్రశ్న ఇది. మన దగ్గర భూమిని ఎకరాలు, గుంటల్లో లెక్కపెడతాం కాబట్టి సెల్ సైజును కూడా గుంటల్లోకి మార్చి చూస్తే వెంటనే అర్థమవుతుంది. గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు. సెంటినల్-2 ఉపగ్రహం ఇచ్చే 10 మీటర్ల గడి 100 చదరపు మీటర్లు. అంటే ఒక గడి దాదాపు ఒక గుంట, ఎకరానికి 40 గళ్లు. లాండ్‌శాట్ 30 మీటర్ల గడి సుమారు 9 గుంటలు, ఎకరానికి నాలుగున్నర గళ్లు. మన రిసోర్స్‌శాట్-2 లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే ఐదున్నర గుంటలు. అదే ఉపగ్రహంలోని ఏవిఫ్స్ గడి 56 మీటర్లు, 31 గుంటలు. 90 మీటర్ల ఎత్తుల డేటాలో అయితే ఒక్కో గడి దాదాపు సరిగ్గా రెండెకరాలు.

ఈ లెక్క చూసి ఎకరం చేనుకు 30 మీటర్ల గళ్లు నాలుగు వస్తాయి కదా, చాల్లే అనుకోవద్దు. ఎకరం చేను నాలుగు పక్కలా సమానంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 63.6 మీటర్లు. దాని మీద 30 మీటర్ల గళ్లు పరిస్తే, గట్లు తాకకుండా పూర్తిగా చేను లోపల పడే గడి చాలాసార్లు ఒక్కటే. మిగతావన్నీ సగం మీ పత్తి, సగం పక్కవాళ్ల వరి, మధ్యలో గట్టు. అదే 10 మీటర్ల గళ్లయితే పక్కకు ఐదు లేదా ఆరు నిండుగా పడతాయి. అంటే కనీసం 25 గళ్లు స్వచ్ఛంగా ఆ చేనువే. ఒక్క చేను గురించి మాట్లాడాలంటే 30 మీటర్ల డేటా ఎందుకు సరిపోదో ఇక్కడే తేలిపోతుంది. నా లెక్కలో, మీకు కావాల్సిన చిన్న వస్తువు అడ్డంగా కనీసం ఐదు గళ్లు పట్టాలి. అప్పుడే దాని గురించి ధైర్యంగా ఒక మాట చెప్పగలం.

అచ్చు వేసే మ్యాప్ స్కేలును బట్టి చూసుకునే పద్ధతి కూడా ఉంది. భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ 1987లో చెప్పిన సూత్రం అది. స్కేలులోని అంకెను 1000తో భాగిస్తే ఆ మ్యాప్‌లో గుర్తుపట్టగల వస్తువు సైజు మీటర్లలో వస్తుంది, గడి అందులో సగం ఉండాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల 1:50,000 స్కేలుకు 50 మీటర్లు, సగం చేస్తే 25 మీటర్లు. కాబట్టి ఆ స్కేలులో మ్యాప్ వేసేవాళ్లకు 30 మీటర్ల డేటా కొంచెం తక్కువైనా నడుస్తుంది.

రామప్ప పనిలో మనకు కావాల్సింది పరీవాహకం మొత్తం, అందులోని వాగులు, ఒర్రెలు. ఒక్కో చేను కాదు.

రెండో మెట్టు: ప్రతి లేయర్ వివరాలు రాసుకోవడం

క్యూజీఐఎస్‌లో లేయర్ మీద రెండుసార్లు నొక్కితే ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. ‘ఇన్ఫర్మేషన్’ పేజీలో పిక్సెల్ సైజ్, ఎక్స్‌టెంట్, సీఆర్ఎస్, డేటా టైప్, నోడేటా ఉంటాయి. ఎక్స్‌టెంట్ అంటే మ్యాప్ హద్దులు, సీఆర్ఎస్ అంటే నేల మీది చోటును డిగ్రీల్లోనో మీటర్లలోనో చెప్పే కొలత పద్ధతి, నోడేటా అంటే డేటా లేనిచోట రాసే అంకె. ఈ ఐదూ ఒక కాగితం మీద దించుకోండి. మన లేయర్లు ఇలా ఉంటాయి:

- ఎత్తులు: ఎస్ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచినవి. గడి ఒక ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు), సీఆర్ఎస్ డిగ్రీల్లో, అంకెలు పూర్ణ సంఖ్యల్లో, డేటా లేనిచోట మైనస్ 32768. దీనికి బదులు ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో కార్టోశాట్-1 నుంచి తయారైన కార్టోడెమ్ కూడా దొరుకుతుంది.
- నేల వాడకం: యూరప్ అంతరిక్ష సంస్థ వారి వరల్డ్‌కవర్, 2021. పది మీటర్లదని అంటారు గానీ ఇదీ డిగ్రీల్లోనే వస్తుంది. అంకెలు కోడ్‌లు: 10 చెట్లు, 40 సాగు, 50 కట్టడాలు, 80 నీళ్లు.
- చిత్రాలు: సెంటినల్-2. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లు 10 మీటర్లు, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ 20 మీటర్లు, వాతావరణం కోసం పెట్టినవి 60 మీటర్లు. ఇవి మీటర్లలోనే వస్తాయి.
- వాన: వాతావరణ శాఖ వారి గ్రిడ్, గడి 0.25 డిగ్రీలు.

ఎస్ఆర్‌టీఎం ఒక డిగ్రీ పక్క ఉన్న చదరాలుగా, అంటే టైల్స్‌గా వస్తుంది. రామప్ప 79.94 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉంది, 80 డిగ్రీల గీత అక్కడికి ఆరేడు కిలోమీటర్లే. కాబట్టి 79తో మొదలయ్యే టైల్, 80తో మొదలయ్యే టైల్ రెండూ దించుకోండి. వరంగల్ నగరం మీద పనిచేసేవాళ్లకు ఇలాంటి తంటా ఇంకో దిక్కున ఉంది. 18 డిగ్రీల అక్షాంశం నగరం మధ్య నుంచే పోతుంది. ఖిలా వరంగల్ దక్షిణపు టైల్‌లో, కాకతీయ యూనివర్సిటీ ఉత్తరపు టైల్‌లో ఉంటాయి. ముందు టైల్స్‌ను ‘మెర్జ్’ చేసి, ఆ తర్వాతే రీసాంప్లింగ్ చేయాలి. విడివిడిగా చేసి తర్వాత అతికిస్తే, అంచులో ఉన్న గడికి అవతలి పక్క గడి కనబడదు. అతుకు దగ్గర సన్నని గీత పడుతుంది, వాలు మ్యాప్‌లో అది గోడలా లేస్తుంది.

మూడో మెట్టు: డిగ్రీల నుంచి మీటర్లకు

డిగ్రీల్లో ఉన్న గడి చదరం కాదు. మన 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక ఆర్క్ సెకండ్ ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.4 మీటర్లు. ఆ తేడా చిన్నదే. అసలు చిక్కు వాలు లెక్కలో వస్తుంది. అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే కొలమానం అనుకుని భాగిస్తుంది. అప్పుడు దాదాపు చదునైన వరి మడి కూడా నిలువు గోడలా 89 డిగ్రీల వాలు చూపిస్తుంది.

ములుగు, వరంగల్, హనుమకొండ, భూపాలపల్లి, కరీంనగర్, ఆదిలాబాద్ అన్నీ, భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి. ఈపీఎస్‌జీ కోడ్ (సీఆర్ఎస్ నంబరు) 32644. పడమటి అంచు మాత్రం జాగ్రత్త. జోన్ 78 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి బోధన్, బాసర 43వ జోన్‌లో పడతాయి. ఉత్తర తెలంగాణ మొత్తాన్ని ఒకే మ్యాప్‌లో వేసేటప్పుడు 44నే ఎంచుకుని ఆ అంచును కూడా అందులోకే తెచ్చుకోవచ్చు, కాస్త దాటితే కొలతలో పెద్ద తేడా రాదు.

గుర్తుంచుకోవాల్సింది ఒకటి. సీఆర్ఎస్ మార్చడం కూడా రీసాంప్లింగే. గళ్లు కొద్దిగా తిరుగుతాయి, జరుగుతాయి, ప్రతి అంకెనూ మళ్లీ రాయాల్సి వస్తుంది. అందుకే సీఆర్ఎస్ ఒకసారి, సెల్ సైజ్ ఇంకోసారి, కత్తిరింపు మరోసారి అని మూడు విడతలుగా చేయొద్దు. విడతకోసారి డేటా మసకబారుతుంది. అన్నీ ఒకేసారి, గళ్లను మార్చి రాసే వార్ప్ అనే టూల్‌లో చేయవచ్చు, ఎలాగో ఆరో మెట్టులో ఉంది.

నాలుగో మెట్టు: అందరికీ ఒకే సెల్ సైజ్

10 మీటర్ల నేల వాడకం, 30 మీటర్ల ఎత్తులు ఒకే లెక్కలోకి రావాలి. ఏ సైజుకు తేవాలి? చిన్నదానికి తెస్తే వివరం ఎక్కువుంటుందని చాలామంది 10 ఎంచుకుంటారు. కానీ 30 మీటర్ల ఎత్తును తొమ్మిది ముక్కలు చేసినంత మాత్రాన కొత్తగా ఒక్క ఎత్తు కూడా కొలిచినట్టు కాదు. ఒర్రె ఒడ్డు గురించి మనకు ముందు తెలిసిందే ఇప్పుడూ తెలుసు. ఫైలు మాత్రం తొమ్మిదింతలవుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా 12,846 చదరపు కిలోమీటర్లు. 30 మీటర్ల గళ్లయితే సుమారు 1.43 కోట్లు, 10 మీటర్లయితే దాదాపు 12.85 కోట్లు. గడికి నాలుగు బైట్ల చొప్పున అర గిగాబైటు దాటుతుంది, అదీ ఒక్క లేయర్‌కు.

లెక్కలో ఏ లేయర్ మాట ఎక్కువ చెల్లుతుందో, దాని సెల్ సైజు వైపు మొగ్గడం మంచిది. పరీవాహకం గీసేది ఎత్తులే కాబట్టి మన పని 30 మీటర్లు. పైగా 30లో 10 సరిగ్గా మూడుసార్లు పోతుంది, కాబట్టి సెంటినల్ గళ్లు తొమ్మిదేసి కలిసి ఒక్క గడిలో కుదురుగా కూర్చుంటాయి. 25 ఎంచుకుంటే సగం సగం గళ్లు కోసుకోవాల్సి వస్తుంది.

వాన సంగతి వేరు. 0.25 డిగ్రీల గడి మన దగ్గర సుమారు 27.7 కిలోమీటర్ల పొడవు, 26.5 కిలోమీటర్ల వెడల్పు. దాన్ని 30 మీటర్లకు తెస్తే ఒక్క వాన అంకె 8 లక్షలకు పైగా గళ్లలోకి వెళుతుంది. పక్క గళ్లను కలిపి మధ్య అంకె రాసే బైలీనియర్ పద్ధతి వాడితే ఆ గళ్ల మధ్య అందమైన రంగుల జారుడు వస్తుంది, చూసేవాళ్లు అదంతా కొలిచిన వానే అనుకుంటారు. 2023 జులైలో ఇదే వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అది ఒక్కచోట కొలిచిన వాన. 700 చదరపు కిలోమీటర్లకు పైబడిన గడిలో అలాంటి అంకె చుట్టుపక్కల స్టేషన్లతో కలిసి పలచబడిపోతుంది, రీసాంప్లింగ్ దాన్ని తిరిగి తేలేదు. అందుకే వానను నేను రాస్టర్‌గా చిన్న గళ్లలోకి తేను. పరీవాహకానికి ఇంత అని ఒక్క అంకెగా, దగ్గరి రెయిన్‌గేజ్ లెక్కతో పక్కపక్కన పెట్టి వాడతాను.

ఐదో మెట్టు: ఈ అంకె కొలతా, పేరా?

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. 264 మీటర్ల ఎత్తు ఒక కొలత. 262కీ 266కీ మధ్య 264 ఉంటుందంటే అర్థముంది. వరల్డ్‌కవర్‌లో 40 మాత్రం కొలత కాదు, సాగు అన్నదానికి పెట్టిన పేరు. పేర్లకు సగటు తీయకూడదు.

తీస్తే ఏమవుతుందో చూడండి. చెరువు అంచున ఒక గడి సాగు, అంటే 40. పక్క గడి నీళ్లు, అంటే 80. బైలీనియర్ ఈ రెండింటి మధ్య 60 రాస్తుంది. వరల్డ్‌కవర్‌లో 60 అంటే బీడు నేల! తప్పు కోడ్ వచ్చి ఉంటే పట్టుకునేవాళ్లం, ఇది అసలైన కోడే. చెరువు చుట్టూ సన్నని బీడు వలయం ఏర్పడుతుంది. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు శిఖం నేల నిజంగానే అలా బయటపడుతుంది కాబట్టి చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు. ఊరంచున చెట్లు 10, ఇళ్లు 50 అయితే సగటు 30, అంటే గడ్డి మైదానం. లేని గడ్డి మైదానం ప్రతి ఊరి చుట్టూ మొలుస్తుంది.

కాబట్టి ఏ లేయర్‌కు ఏ పద్ధతి అన్నది ఇలా తేల్చుకోండి.

నియరెస్ట్ నైబర్: కొత్త గడి మధ్య బిందువుకు దగ్గరగా ఉన్న పాత గడి అంకెనే తెచ్చి పెడుతుంది, కొత్త అంకె పుట్టదు. సైజు పెద్దగా మారనప్పుడు కోడ్‌లకు ఇదే. ఎత్తులకు మాత్రం వద్దు. గళ్లు సరిగ్గా సరిపోనిచోట కొన్ని వరసలు రెండుసార్లు వస్తాయి, కొన్ని ఎగిరిపోతాయి. హిల్‌షేడ్ (ఎండ పడ్డట్టు గుట్టల నీడలు చూపే మ్యాప్) వేసి చూస్తే నేల మీద గళ్ల చీర ఆరేసినట్టు చారలు కనబడతాయి.

బైలీనియర్: చుట్టూ ఉన్న నాలుగు గళ్లను దూరాన్ని బట్టి కలుపుతుంది. చేత్తో ఒకసారి చేసి చూస్తే ఎప్పటికీ మర్చిపోరు. పై వరసలో ఎత్తులు 262, 264. కింది వరసలో 266, 270. కొత్త గడి మధ్య బిందువు 262 గడి మధ్య నుంచి కుడికి పావు వంతు, కిందికి పావు వంతు దూరంలో పడిందనుకోండి. అప్పుడు 262కు వచ్చే వాటా ముప్పావులో ముప్పావు, అంటే 0.5625. 264కూ 266కూ చెరి 0.1875. దూరంగా ఉన్న 270కి 0.0625. గుణించి కూడితే 263.625 మీటర్లు. నియరెస్ట్ నైబర్ అయితే ఇక్కడ 262 అనే రాసి ఊరుకునేది. ఎత్తులు, ఉష్ణోగ్రతల లాంటి నిరంతరంగా మారే కొలతలకు, సెల్ సైజ్ దాదాపు అదే ఉన్నప్పుడు నేను ముందుగా ఎంచుకునేది ఇదే.

క్యూబిక్: పదహారు గళ్లను చూస్తుంది, చిత్రాలు మరింత స్ఫుటంగా వస్తాయి. కానీ అంకెలు ఒక్కసారిగా మారేచోట అసలు డేటాలో లేనంత ఎక్కువ, లేనంత తక్కువ విలువలు పుట్టించగలదు. వానలో మైనస్ రావడం ఇలాగే. చెరువు కట్ట లాంటి నిటారు అంచుల దగ్గర ఎత్తుల్లోనూ ఇదే జరుగుతుంది.

యావరేజ్: పెద్ద గడిలో పడే చిన్న గళ్లన్నిటి సగటు. 10 నుంచి 30కి, 30 నుంచి 90కి వెళ్లేటప్పుడు కొలతలకు ఇదే సరైనది. చాలా టూల్స్‌లో బైలీనియర్ నాలుగు గళ్లతోనే ఆగిపోతుంది, మిగతావాటి మాట వినదు.

మోడ్: పెద్ద గడిలో ఏ కోడ్ ఎక్కువసార్లు ఉందో అది. కోడ్‌లను పెద్ద గళ్లలోకి తేవడానికి వాడతారు. దీని లోపం తెలుసుకుని వాడాలి. తొమ్మిది గళ్లలో వాగు మూడింట్లో, సాగు ఆరింట్లో ఉంటే వాగు మాయమవుతుంది. సన్నగా పారే వాగులు, రోడ్లు, పది గుంటల కుంటలు అన్నీ మెజారిటీ ముందు ఓడిపోతాయి. కుంటల లెక్కే పని అయినవాళ్లు మోడ్ జోలికి పోవద్దు.

దానికి మంచి దారి ఒకటుంది. అసలు 10 మీటర్ల రాస్టర్ మీదే ‘రీక్లాసిఫై’ చేసి నీళ్లుంటే 1, లేకపోతే 0 అని ఇంకో రాస్టర్ తయారుచేయండి. దాన్ని దశాంశాలు నిలిచే ఫ్లోట్‌గా యావరేజ్‌తో 30 మీటర్లకు తెండి. ఇప్పుడు ప్రతి గడిలో 0.33 లాంటి అంకె ఉంటుంది, అంటే ఆ గడిలో మూడో వంతు నీళ్లు. వాగు పోలేదు, కుంట పోలేదు, విస్తీర్ణం కూడితే దాదాపు అలాగే వస్తుంది. అడవికీ, సాగుకూ విడివిడిగా ఇదే చేయవచ్చు. మూడు నాలుగు ఫైళ్లు ఎక్కువైనా నాకు మోడ్ కంటే ఇదే నచ్చుతుంది.

సమ్: గడికి ఇంతమంది జనం అన్నట్టు లెక్క ఉన్న రాస్టర్లకు. తొమ్మిది గళ్ల జనాన్ని సగటు తీస్తే తొమ్మిదింట ఎనిమిది వంతుల జనం మాయమైనట్టే. చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని సాంద్రత ఉంటే మాత్రం యావరేజే.

కొన్నింటిని అసలు రీసాంప్లింగ్ చేయకూడదు, మళ్లీ పుట్టించుకోవాలి. వాలు ఏ దిక్కుకు ఉందో చెప్పే యాస్పెక్ట్ అందులో ఒకటి. 359 డిగ్రీలంటే ఉత్తరం, 1 డిగ్రీ అన్నా ఉత్తరమే. రెండింటి సగటు 180, అంటే దక్షిణం! నీటి ప్రవాహ దిశ రాస్టర్ కూడా ఇంతే. అందులో 1, 2, 4, 8 అంటూ 128 దాకా ఉండేవి దిక్కుల పేర్లు. ముందు ఎత్తుల్ని సరైన గళ్లలోకి తెచ్చుకుని, వాటి నుంచి వీటిని కొత్తగా లెక్కకట్టాలి. వృక్షాల పచ్చదనం చెప్పే ఎన్‌డీవీఐ భాగహారంతో వచ్చేది కాబట్టి, బ్యాండ్లను ముందు పెద్ద గళ్లలోకి తెచ్చి తర్వాత సూచిక లెక్కకట్టడం మంచిది. ముందు సూచిక కట్టి దాని సగటు తీస్తే జవాబు వేరే వస్తుంది.

ఆరో మెట్టు: వార్ప్ పెట్టెలో ఏం నింపాలి

రాస్టర్ మెనూ, అందులో ప్రొజెక్షన్స్, అందులో వార్ప్. మెర్జ్ చేసిన ఎత్తుల ఫైలును ఇన్‌పుట్‌గా ఇవ్వండి.

1. టార్గెట్ సీఆర్ఎస్: 32644.
2. రీసాంప్లింగ్ మెథడ్: బైలీనియర్. ఇక్కడ ముందుగా నియరెస్ట్ నైబర్ ఎంచుకుని ఉంటుంది, మార్చకపోతే అదే నడుస్తుంది.
3. నోడేటా: మైనస్ 32768ను ఫైలు తనంతట తాను నోడేటాగా గుర్తించిందో లేదో ఇన్ఫర్మేషన్ పేజీలో ముందే చూసుకోండి. గుర్తించకపోతే ఆ అంకె కూడా నిజమైన ఎత్తు అనుకుని పక్క గళ్లతో కలిపేస్తుంది, గుట్ట మధ్యలో పాతాళం లాంటి గుంత పడుతుంది.
4. అవుట్‌పుట్ రిజల్యూషన్: 30. ఖాళీగా వదిలితే 30కి అటూ ఇటూ దశాంశాలతో ఏదో వింత అంకె తనే పెట్టుకుంటుంది.
5. అడ్వాన్స్‌డ్ విభాగంలో అవుట్‌పుట్ డేటా టైప్: ఫ్లోట్ 32. ఇది చాలామంది మర్చిపోతారు. ఇన్‌పుట్ పూర్ణ సంఖ్యల్లో ఉంటే అవుట్‌పుట్ కూడా అలాగే ఉంటుంది. మనం చేత్తో కట్టిన 263.625 కాస్తా 264 అయిపోతుంది. చెరువు కింది ఆయకట్టు లాంటి చదును నేలలో ఆ అర మీటరే నీరు ఎటు పోతుందో తేలుస్తుంది.
6. ఎక్స్‌టెంట్: పరీవాహకం కంటే ప్రతి పక్కా కొన్ని కిలోమీటర్లు ఎక్కువే ఉంచండి.
7. అదనపు కమాండ్ పారామీటర్ల గడిలో హైఫన్ పెట్టి, దానికి ఆనుకుని టీ, ఏ, పీ అనే మూడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. దీనివల్ల గళ్ల మూలలు 30 గుణిజాల మీదే మొదలవుతాయి.

వరల్డ్‌కవర్‌కు కూడా ఇదే పెట్టె, పద్ధతి మాత్రం మోడ్. లేదా పైన చెప్పిన ఒకటి-సున్నా రాస్టర్లయితే యావరేజ్, ఫ్లోట్ 32. ఎక్స్‌టెంట్ కొత్తగా గీయొద్దు, ఇప్పుడే తయారైన ఎత్తుల ఫైలు నుంచి తీసుకోండి.

ఏడో మెట్టు: సైజు ఒకటైనంత మాత్రాన గళ్లు ఒకటి కావు

రెండు రాస్టర్లూ 30 మీటర్లవే, అయినా ఒకటి రెండోదానికి 15 మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. లాండ్‌శాట్, సెంటినల్ గళ్లు నిజంగానే అలా ఉంటాయి. లాండ్‌శాట్‌లో 30 గుణిజం గడి మధ్యలో పడుతుంది, సెంటినల్‌లో గడి మూల గుండ్రటి అంకె మీద పడుతుంది. ఈ రెండింటినీ అలాగే కాలిక్యులేటర్‌లో వేస్తే సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఒకదాన్ని నియరెస్ట్ నైబర్‌తో జరిపేస్తుంది. రెండు కాలాల చిత్రాలు పోల్చి చెరువు ఆక్రమణ చూసే పనిలో ఈ సగం గడి జరుగుడే కట్ట పొడవునా ఆక్రమణగా కనబడుతుంది. ఆ మ్యాప్ వల్ల ఎవరి భూమి మీదికి ఏ మాట వస్తుందో ఆలోచించండి.

చూసుకోవడం తేలిక. ఇన్ఫర్మేషన్ పేజీలో రెండు ఫైళ్ల ఆరిజిన్ (గళ్లు మొదలయ్యే మూల) అంకెలు తీసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి. వచ్చిన తేడా 30తో శేషం లేకుండా భాగమైతే గళ్లు కుదిరినట్టు. కుదరకపోతే ‘అలైన్ రాస్టర్స్’ టూల్ ఉంది, వెర్షన్‌ను బట్టి రాస్టర్ మెనూలోనో ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లోనో దొరుకుతుంది. ఆర్క్‌జీఐఎస్‌లో పనిచేసేవాళ్లకు ఎన్విరాన్‌మెంట్స్‌లో స్నాప్ రాస్టర్ అనే అమరిక ఇదే పని చేస్తుంది. పక్కనే ఉండే సెల్ సైజ్ అమరికను మార్చకపోతే అన్నిటికంటే పెద్ద గడినే తీసుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

చివర్లో పరీవాహకం హద్దుతో కత్తిరించేటప్పుడు ‘కీప్ రిజల్యూషన్ ఆఫ్ ఇన్‌పుట్ రాస్టర్’ అన్నదానికి టిక్ పెట్టండి. కత్తిరించాక ఆరిజిన్ మళ్లీ ఒకసారి చూడండి.

ఎనిమిదో మెట్టు: ఎత్తుల నుంచి నీటి దారి

గుంతలు పూడ్చడం, ప్రవాహ దిశ, ప్రవాహ సంచితం (ఒక్కో గడి గుండా ఎన్ని గళ్ల నీళ్లు పోతాయో ఆ లెక్క), పరీవాహకం హద్దు అన్నీ ఈ 30 మీటర్ల ఫైలు మీదే చేయండి. పూడ్చిన తర్వాత మళ్లీ రీసాంప్లింగ్ చేస్తే కొత్త గుంతలు పుడతాయి, పని మొదటికొస్తుంది.

పెద్ద గళ్లకు పోతే వాలు తగ్గుతుంది. 90 మీటర్లలో గుట్టల శిఖరాలు అణుగుతాయి, లోయలు పూడతాయి, చెరువు కట్ట పూర్తిగా కలిసిపోతుంది. కట్ట పోతే లెక్కలో నీళ్లు చెరువులో ఆగకుండా అడ్డంగా దాటిపోతాయి. 30 మీటర్లలో కూడా చిన్న కుంటల కట్టలు నిలవవు. అక్కడ కట్టను లైన్‌గా గీసుకుని, ఆ గళ్ల ఎత్తును చేత్తో పెంచడమే దారి. ఎస్ఆర్‌టీఎం 2000 నాటి నేల కాబట్టి ఆ తర్వాత తవ్విన ఓపెన్‌కాస్ట్ గనులు గానీ మేడిగడ్డ బ్యారేజీ గానీ అందులో ఉండవు. దట్టమైన అడవి మీద రాడార్ నేల దాకా పోదు, చెట్ల ఎత్తు కలిసి ఉంటుంది. ములుగు అడవుల్లో ఇది పట్టించుకోవాల్సిన సంగతే, ఏ రీసాంప్లింగూ దాన్ని సరిచేయదు.

తొమ్మిదో మెట్టు: పరీక్ష

నాలుగు పరీక్షలు చేయనిదే మ్యాప్ బయటికి ఇవ్వొద్దు. అరగంట పని.

కోడ్‌ల రాస్టర్ మీద ‘రాస్టర్ లేయర్ యూనిక్ వాల్యూస్ రిపోర్ట్’ నడపండి. అసలు ఫైలులో లేని కోడ్ ఒక్కటి కనిపించినా పద్ధతి తప్పింది. కోడ్‌లన్నీ సరిగ్గానే ఉంటే 60 విస్తీర్ణం అసలు ఫైలుతో పోల్చండి, చెరువు వలయం కథ అక్కడ బయటపడుతుంది.

ఎత్తుల కనిష్ఠం, గరిష్ఠం ముందూ వెనకా చూడండి. బైలీనియర్, యావరేజ్ ఉన్న పరిధిని దాటవు. దాటితే నోడేటా కలిసింది, లేదా క్యూబిక్ నడిచింది.

హిల్‌షేడ్ వేసి, నేలకు సంబంధం లేని నిలువు, అడ్డం చారలున్నాయేమో చూడండి. ఈ పరీక్షకు ముందు సింబాలజీ పేజీలో రీసాంప్లింగ్ అనే విభాగాన్ని నియరెస్ట్ నైబర్‌కు పెట్టండి. అది తెర మీద కనబడే తీరును మాత్రమే మారుస్తుంది, ఫైలును ముట్టుకోదు. బైలీనియర్ పెట్టి ఉంటే చారలు కనబడకుండా పోతాయి.

చివరిగా నీళ్లు, అడవి, సాగు విస్తీర్ణాలను ఎకరాల్లో, 10 మీటర్ల ఫైలులోనూ 30 మీటర్ల ఫైలులోనూ లెక్కకట్టి పక్కపక్కన రాయండి. 10 మీటర్ల ఫైలును దీనికోసం మీటర్ల సీఆర్ఎస్‌లోకి నియరెస్ట్ నైబర్‌తో తెచ్చుకుంటే చాలు. ఏ తరగతి ఎంత తగ్గిందో కనబడుతుంది. తగ్గినవి ఎక్కువగా సన్నగా, చిన్నగా ఉండేవే. విస్తీర్ణం అంకె నివేదికలోకి పోయేటప్పుడు 10 మీటర్ల లెక్కనే ఇవ్వండి, 30 మీటర్లది నీటి లెక్కకు మాత్రమే ఉంచుకోండి.

మ్యాప్ కింది మూలలో ఈ నాలుగు ముక్కలు అచ్చు వేయండి: సెల్ సైజ్ 30 మీటర్లు, యూటీఎం 44 ఉత్తరం. ఎత్తులు ఎస్ఆర్‌టీఎం 2000, బైలీనియర్. నేల వాడకం వరల్డ్‌కవర్ 2021, గడిలో వాటాలు, యావరేజ్. వాన 0.25 డిగ్రీల గ్రిడ్, రీసాంప్లింగ్ చేయలేదు.